నడివయస్సున ఈత దిద్దుకొనుట



ఈత యన్నంతనే మీలో పెక్కుమందికి చిన్ననాటి మోటబావి జ్ఞప్తికి వచ్చును. నడుమునకు సొరకాయబుర్రయో జీలుగుబెండ్ల కట్టయో కట్టి, తండ్రియో మేనమామయో మిమ్ము నూతిలోనికి త్రోసిన దినమును మీరు మరచియుండరు. నాలుగు గుక్కలు నీరు త్రాగి, కాలుసేతులాడించి, తిరిగి మెట్టు పట్టుకొన్ననాడే ఈత వచ్చినట్లు లెక్క. అటుపిమ్మట దానిని దిద్దుకొనవలసిన దేమున్నది? ఒకసారి అబ్బిన ఈత మరల పోవునది కాదు గదా! ఇట్టిచో పట్టణమునుండి యొకడు లేచి ఈతనుగూర్చి ప్రసంగించుట మీకు విడ్డూరముగా తోపవచ్చును. మీ తలంపే నా తలంపును. నలుబదియొకటవ యేట సముద్రమున నాకు భంగపాటు కలుగువరకును నేనా తలంపుతోనే యుంటిని.

నా నివాసము హైదరాబాదు నగరములోని మూసాపేట. బాలానగరునకును భరత్‌నగరునకును నడుమ, మెట్రో రైలు తలపైనుండి పోవు పెద్దబాట ప్రక్కనున్న పేట యిది. 2017 నవంబరులో ఆ రైలు వచ్చినది మొదలు మా పేటకు సందడి యెక్కువైనది. పల్లెలనుండి వచ్చిన మావంటివారు వేలకొలది యిచ్చట కాపురమున్నారు. ఉదయమున హైటెక్ సిటీకో గచ్చిబౌలికో పోయి, తొమ్మిదేసి గంటలు కంప్యూటరు ముందు కూర్చుండి, రాత్రికి ఇల్లు చేరుదురు. నేనును వారిలో నొకడను. కూర్చుండి కూర్చుండి నడుము పట్టుకొనిపోయినది. రక్తమున చక్కెర పెరుగుచున్నదని వైద్యుడు హెచ్చరించెను. అందుచే మొదట నడకయు, పిదప పరుగును, ఆ పిదప సైకిలును మొదలిడితిని. ఆ మార్గముననే పోయి పోయి ట్రయథ్లాన్ అను పోటీ వాకిట నిలిచితిని.

ట్రయథ్లాన్ ముక్కాలిపీటవంటిది. మొదట ఈత, వెంటనే సైకిలు, వెంటనే పరుగు. నడుమ గడియారము ఆగదు. 1974 సెప్టెంబరులో అమెరికాదేశములోని శాన్ డియాగో పట్టణమున ఈ పేరుతో తొలిపోటీ జరిగినది. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో దీనికి స్థానము లభించినది. అచ్చటి కొలత ఒకటిన్నర కిలోమీటరు ఈత, 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగు. అంతకంటె పెద్ద కొలతయు కలదు: 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, 21 కిలోమీటర్ల పరుగు. మన దేశమున గోవాతీరమున 2019 అక్టోబరులో ఈ కొలతతో పెద్దపోటీ జరిగినది. ఇట్టి పోటీలలో ఈతకు గడువుండును. సాధారణముగా 70 నిమిషములు. అది దాటి యొడ్డు చేరినవానికి సైకిలు ముట్టుకొను హక్కు లేదు.

నేను దిగిన పోటీ పేరు చెప్పను. తప్పు వారిది కాదు, నాది. పడమటి సముద్రతీరమున తెల్లవారుజామున మూడువందలమందితో కలిసి నీటిలో దిగితిని. నూరు బారలు వేయకముందే ఊపిరి బిగబట్టినట్లయినది. తల పైకెత్తినచో అల ముఖమున కొట్టెను, దించినచో గుండె జల్లుమనెను. రక్షకుల చిన్నపడవను రెండుసార్లు పట్టుకొని సేదదీరితిని. పట్టుకొనుటకు నియమము ఒప్పుకొనును గాని పడవ మనలను ముందుకు లాగరాదు. ఒడ్డెక్కునప్పటికి 72 నిమిషములు. అధికారి యొకడు మర్యాదగనే నా చీలమండకు కట్టిన గడియారపు పట్టీని విప్పుకొనెను. ఆరునెలలు త్రొక్కిన నా సైకిలు కంచె ఆవల నిలిచియుండెను. ముందునాటి సాయంకాలము నేను దానికి బిగించిన నీటిసీసాలు నిండుగనే యుండెను.

ఇంటికి వచ్చి లెక్క వేసితిని. 1900 మీటర్లు 70 నిమిషములలో ఈదవలెనన్న ప్రతి నూరు మీటర్లకును 3 నిమిషముల 41 సెకండ్లు పట్టవచ్చును. నాకు 3 నిమిషముల 47 సెకండ్లు పట్టినది. తేడా ఆరు సెకండ్లే! ఇంతమాత్రమునకు గురువేల, మరికొంత గట్టిగా ఈదిన చాలదా యనుకొంటిని. ఈ లెక్కయే నన్ను మోసగించినది. మా పేటకు సమీపమున 25 మీటర్ల కొలను ఒకటి కలదు. అందు 76 మారులు ఇటునటు పోయినచో పోటీదూరము పూర్తియగును. నేను వారమునకు నాలుగుదినములు నూరేసి మారులు పోవుచుంటిని. రెండునెలలు గడచిన పిదప కొలిచి చూడగా ఒక్క సెకండుకూడ తగ్గలేదు. కుడిభుజము మాత్రము నొప్పి పట్టినది.

మీకు తెలియని సంగతి కాదు: కాలువకు గండి పడియుండగా మోట యెంత తోలినను మడి తడియదు. నేను తోలినది మోట, పూడ్పవలసినది గండి. అయినను నాకప్పటికిని బుద్ధి రాలేదు. అంగడిలో అరచేతులకు తగిలించుకొను ప్లాస్టిక్ రేకులు దొరకును. అవి తెడ్డువలె నీటిని ఎక్కువగా పట్టును. వానిని కొని తొడిగితిని. అసలే అపమార్గమున తిరుగుచున్న భుజముపై వాని బరువు కూడ పడెను. మూడువారములు నీటిలో దిగరాదని వైద్యుడు కట్టడి చేసెను. ఆ మూడువారములే నన్ను కూర్చుండబెట్టి ఆలోచింపజేసినవి.

నీటికిని గాలికిని గల భేదమును మొదట చెప్పవలెను. నీటి సాంద్రత గాలికంటె సుమారు ఎనిమిదివందల రెట్లు. అంతేకాక, మనము వేగము రెట్టింపు చేసినచో నీటి అడ్డగింపు రెట్టింపుతో నిలువక నాలుగింతలగును. దానిని త్రోసికొనిపోవుటకు వలయు శక్తి ఎనిమిదింతలగును. పరుగున బలము పెంచినకొలది ఫలము కనబడును. నీటియందు బలమెక్కువ పెట్టినవానికి అడ్డగింపే యెక్కువగును. కనుక ఈదువాడు మొదట చూడవలసినది తాను నీటికెంత అడ్డముగా నున్నాడని. ఇరువదియేండ్ల యువకుడు బలముతో ఈ లోపమును కొంత కప్పిపుచ్చగలడు. నడివయస్సువానికి ఆ సావకాశము లేదు. పైగా ట్రయథ్లాన్‌లో ఈత ముగిసిన పిదప నాలుగైదు గంటల పని మిగిలియుండును. అచ్చట కాళ్ళు ఖర్చుచేసికొన్నవాడు సైకిలుమీద చెల్లింపవలెను.

ఇక నా యెదుట నున్న దారులు పలు తెరగులు. చేతిలోని ఫోనున వెదకినచో ఈత నేర్పు చలనచిత్రములు కొల్లలు. అన్నియు సత్యమే చెప్పును, అన్నియు వేరువేరుగా చెప్పును. ఒకరు మోచేయి నెత్తుమందురు, ఒకరు తుంటి త్రిప్పుమందురు, ఒకరు కాలు కొట్టుమందురు. వానిని చూచి నేను ఒక్క దినమున ఆరు మార్పులు చేయబోయి ఈతయే మరచినంత పనియైనది. వానిలో లోపము లేదు. అవి నన్ను చూడలేవు, అంతే.

పద్ధతుల విషయమునకూడ పక్షములు కలవు. అమెరికావాడగు టెర్రీ లాఫ్లిన్ అను శిక్షకుడు 1989లో టోటల్ ఇమ్మర్షన్ అను పద్ధతిని స్థాపించెను. పెద్దవయస్సువారికి ఈత నేర్పుటయందు దానికి మంచి పేరు కలదు. ఆయన 2017లో గతించినను శిష్యులు దానిని నడుపుచున్నారు. శరీరమును పొడవుగా చాచి, సమతూకము నిలిపి, నీటిలో జారుచు పొమ్మనుట అందలి సారము. దీనికి ఎదురుపక్షమువారు కలరు. జారుట మితిమీరినచో బారకును బారకును నడుమ ఈతగాడు ఆగిపోవుననియు, ఆగిన బండిని మరల లాగుటకు బలము వ్యర్థమగుననియు, అలలలో అది పనికిరాదనియు వారందురు. బార వేగము పెంచుము, ముంజేతితో నీటిని పట్టుము అని వారి యుపదేశము. నేను ఈ రెండు పక్షముల వాదములను వారములకొలది చదివితిని. నా కిప్పుడు తోచున దేమనగా, రెండును ఔషధములే. రోగమేదో తెలియక ఏ యౌషధము గొప్పదని వాదించుట వైద్యశాల బయట కూర్చున్నవారి పని.

కనుక రోగనిదానము చేయువారికొరకు వెదకితిని. ఇందును ఒక దెబ్బ తగిలినది. మొదట చేరినచోట శిక్షకుడు గట్టున కుర్చీ వేసికొని, చేతిలోని ఫోనునుండి తలయెత్తక, ‘ఇంకను కొట్టుము, ఇంకను కొట్టుము’ అని కేకలు వేయుచుండెను. ఆ స్థలము పేరు మీకనవసరము. నెలసొమ్ము వదలుకొని వచ్చివేసితిని. గచ్చిబౌలిలో 2002నాటి జాతీయక్రీడలకును 2003నాటి ఆఫ్రో ఆసియా క్రీడలకును వాడిన గొప్ప క్రీడాప్రాంగణము కలదని, అచ్చటికి పొమ్మని మిత్రులు చెప్పిరి. మూసాపేటనుండి ఉదయపురద్దీలో అచ్చటికి పోయివచ్చుటకే ఈదునంత కాలము పట్టును. నా కొలమానము నేను నిర్ణయించుకొంటిని: వారమునకు మూడుసార్లు, నలుబదేసి నిమిషములు, ఇంటికి దగ్గరగా. వారమున కొక్కసారి రెండుగంటలు ఈదుటకంటె ఇది మేలు. క్రొత్త అలవాటు అలసిన శరీరమున నాటుకొనదు. అలసినంతనే పాత అలవాటు తిరిగివచ్చును.

ఆ చిన్నకొలనులోనే ఒక శిక్షకురాలు పిల్లలకు నేర్పుచుండెను. నాకంటె పదునైదేండ్లు చిన్నది. పిల్లలలో కూర్చుండుటకు సిగ్గుపడుచు ఆమె నడిగితిని. ఆమె నా సంకల్పమును గాని, ఎంత వేగము కావలెనని గాని అడుగలేదు. ‘అన్నా, మీ ఈత యొక్కసారి చూపుడు’ అన్నది. నేను రెండుమారులు పోయివచ్చునంతలో తన ఫోనును నీరు చొరని సంచిలో పెట్టి, నీటి అడుగునుండి నన్ను చిత్రించినది. తరువాత గట్టుమీద ఆ చిత్రమును నాకు చూపినది. శ్రోతలారా, నలుబదియేండ్లు నా ఈతను నేను చూచియుండలేదు. నేను నీటిపై కర్రవలె బల్లపరుపుగా పోవుచున్నానని నా నమ్మకము. చిత్రములో కనబడినవాడు గోడకు చేరవేసిన నిచ్చెనవలె ఏటవాలుగా నుండెను. తల పైన, నడుము క్రింద, కాళ్ళు మరింత క్రింద. కాళ్ళతో నీటిని దున్నుచు పోవుచున్నాడు.

దీనికి కారణము మా ఊరి బావి. బావిలో తల ముంచి ఈదువారెవరు? పైన నాచు, ప్రక్కన రాయి, ఎచ్చటనో నీరుకట్టె పాము, ఎదుట దూకబోవు మరియొక కుఱ్ఱవాడు. తల యెత్తి నలుదిక్కులు చూచుకొనుటయే అచ్చటి యుక్తమైన ఈత. పదిబారలలో అవతలి గోడ తగులును గనుక అందలి శ్రమ తెలియదు. అది ప్రాణము కాపాడుకొను ఈత. దానిని నేను చులకన చేయను. కాని రెండు కిలోమీటర్ల ప్రయాణమున కది తగదు.

తలయెత్తుటకును కాళ్ళు మునుగుటకును గల సంబంధము మీకు ఏతాము చూపినచో తెలియును. ఏతపుమ్రాను ఒక కొస దిగినచో రెండవ కొస లేచును. మన శరీరమున ఊపిరితిత్తులలో గాలి యుండుటచే ఎదభాగము తేలును, తొడలు పిక్కలు బరువుగా నుండుటచే దిగును. తల యెత్తినకొలది ఆ కొస మరింత దిగును. తల దించి, చూపు కొలను అడుగునకు నిలిపి, ఎదను కొంచెము నీటిలోనికి నొక్కినచో కాళ్ళు వానియంతట అవియే పైకి వచ్చును. కాళ్ళు కొట్టి పైకి తేనక్కరలేదు. ఇది చెప్పుట కొక్క నిమిషము, చేయుటకు నాకు మూడు వారములు. తల దించగానే మునిగిపోవుచున్నానను భయము.

ఆ భయమునకు మూలము ఊపిరియని ఆమె కనిపెట్టినది. నేను నీటిలో తల ఉంచినంతసేపు ఊపిరి బిగబట్టి, తల త్రిప్పినపుడే విడుచుటయు పీల్చుటయు రెండును చేయబోవుచుంటిని. ఊపిరి బిగబట్టినపుడు మనకు కలుగు తత్తరపాటు ముఖ్యముగా ప్రాణవాయువు తక్కువగుటచే కాదు. లోపల బొగ్గుపులుసు గాలి పేరుకొనుటచే. ముఖము నీటిలో నున్నంతసేపు ముక్కునుండియు నోటినుండియు సన్నని బుడగలుగా దానిని విడుచుచునే యుండవలెను. అప్పుడు తల త్రిప్పినంతనే పీల్చుటయొక్కటే పని. మొదటివారము ఆమె నన్ను ఈదనీయలేదు. అంచు పట్టుకొని, ముఖము ముంచి, బుడగలు విడువుమన్నది. ప్రక్కన ఆరేండ్ల పిల్లవాడు అదే పాఠము నాకంటె చక్కగా చేయుచు నన్ను చూచి నవ్వెను. ఆ వారమే సముద్రపు గుండెజల్లు సగము వదలినది.

గురువు నెన్నుకొనువారు ఇది గమనింపవలెను. ఆమెకు నాలో కనబడిన తప్పులు ఒకటి గాదు, ఏడెనిమిది. చెప్పినది మాత్రము ఒకసారి కొక్కటి. మోచేయి వంకరగా నున్నదని నేనే ఎత్తిచూపగా, ‘అది ఇప్పుడు మనకు కనబడలేదనుకొందము’ అన్నది. తల కుదిరిన పిదప మోచేయి కొంతవరకు తనంతట తానే కుదిరినది. వేరు దొరికినవాడు ఆకులు గిల్లుచు కూర్చుండడు.

ఆమె లెక్క కట్టు విధానముకూడ సులభము. ఒకనాడు 400 మీటర్లు శక్తికొలది ఈదవలెను, విశ్రమించి 200 మీటర్లు ఈదవలెను. మొదటి కాలమునుండి రెండవ కాలమును తీసివేసి సగము చేసినచో, నూరు మీటర్లకు మనము చాలసేపు నిలుపుకొనగల వేగము తేలును. నాకు మొదట 400 మీటర్లకు 12 నిమిషములు, 200 మీటర్లకు 5 నిమిషముల 40 సెకండ్లు. అనగా నూటికి 3 నిమిషముల 10 సెకండ్లు. కొలనులో ఇంత వేగము గలవాడు సముద్రమున గడువు తప్పినాడనగా, తప్పించినది బలహీనత కాదు, బెదురు.

ఇక చెప్పవలసినది ఆ నడుమ వచ్చిన ఆరువారముల మాట. తల దించి, బుడగలు విడుచుచు, క్రొత్తగా ఈదుట మొదలిడినపుడు నా వేగము తగ్గినది. నూరు మీటర్లకు 3 నిమిషముల 30 సెకండ్లకు దిగజారినది. పాత ఈత ఈదినచో వెంటనే ఇరువది సెకండ్లు తిరిగి చేతికి వచ్చును. మరుసటి పోటీకి నాలుగునెలలే గడువు. కట్టిన రుసుము చిన్నది కాదు. ఇంటిలో నా భార్య, ‘ఉన్నది పోగొట్టుకొనుటకా ఈ సొమ్ము?’ అన్నది. ఆమె యన్నదానిలో న్యాయము లేకపోలేదు. అప్పుడే మా వీథిలోని పెద్దయొకరు ‘మొక్కై వంగనిది మానై వంగునా’ యని సామెత వేసిరి. ఆ సామెత ఆ రాత్రి నన్ను నిద్రపోనీయలేదు.

నాకు ధైర్యమిచ్చినది తెలుగుగడ్డపై పుట్టిన ఒక స్త్రీ వృత్తాంతము. సామర్లకోటకు చెందిన గోలి శ్యామల హైదరాబాదున నుండి నడివయస్సున ఈత నభ్యసించినది. 2021 మార్చి నెలలో శ్రీలంకనుండి మన ధనుష్కోటి వైపునకు పాక్ జలసంధిని, సుమారు 30 కిలోమీటర్లు, 13 గంటల 43 నిమిషములలో ఈదినది. అంతటితో ఆగక ఏబదియేండ్లు దాటిన పిదప, 2024 డిసెంబరు చివర విశాఖపట్టణమున నీటిలో దిగి, దినదినమును కొంతకొంత ఈదుచు, 2025 జనవరి మొదట కాకినాడ చేరినది. అది సుమారు 150 కిలోమీటర్ల దూరము. ఆమె శక్తి నాకు రాదు, రావలెనని కోరనుకూడ కోరలేదు. మాను వంగునను సంగతి మాత్రము తేలినది. సామెతలు చేసినవారు మానుల నన్నిటిని వంచి చూచియుండరు.

ఈ సమయముననే మా నాయన కంటిలో పొర తీయించుకొనుటకు ఊరినుండి మూసాపేట వచ్చెను. డెబ్బదియారేండ్లవాడు. మా ఊరిలో ముప్పదిమంది పిల్లలకైనను బెండ్లు కట్టి ఈత నేర్పినవాడు. ‘బావిలో దూకి నేర్చినవాడవు, మరల సొమ్ము పోసి నేర్చుకొనుచున్నావా?’ అని నవ్వెను. కంటికి కట్టు విప్పిన పదిదినములకు, చూచెదనని నాతో కొలనుకు వచ్చి గట్టున బల్లపై కూర్చుండెను. నేను అరగంట ఈది వచ్చితిని. ఆయన కొంతసేపు మాటాడలేదు. తరువాత, ‘ఒరే, నీ చేతులు బాగున్నవి. నీవు కుడిప్రక్క గాలి పీల్చినప్పుడెల్ల నీ కుడికాలు గడప దాటినట్లు బయటికి పోవుచున్నది’ అనెను.

శిక్షకురాలు ప్రక్కనే నిలిచి విని, ఫోను తీసి మరల చూచినది. సత్యమే. నేను గాలికొరకు తల త్రిప్పుచు, ముందు చాచిన ఎడమచేతిపై ఆనుకొని దానిని క్రిందికి నొక్కివేయుచుంటిని. ఆధారము పోయిన శరీరము పొర్లబోవుచుండెను. పొర్లకుండ నిలుపుటకు కాలు కత్తెరవలె విచ్చుకొనుచుండెను. విచ్చిన ప్రతిసారి నీటికి కళ్ళెము వేసినట్లే. ‘పూర్వము మేము ఇట్టివానికి చీలమండలకు తువాలు కట్టి ఈదించువారము’ అని నాయన అన్నాడు. ఆమె ఆశ్చర్యపడి, తాము ఇప్పుడును సైకిలు ట్యూబు ముక్కను చీలమండలకు తగిలించి ఇదే అభ్యాసము చేయింతుమని చెప్పినది. కాళ్ళు కట్టుబడినపుడు తూకము నడుమునుండియు, ముందు చాచిన చేతినుండియు రాక తప్పదు. అయితే ఇది నిలిచినచో కాళ్ళానుచోట, ప్రక్కన తెలిసినవారుండగా, రెండు మూడు నిమిషములు మాత్రమే చేయదగినది. దయచేసి బావిలోను చెరువులోను ఎవరును చేయవలదు, పిల్లలచే చేయింపవలదు.

ఈ కాళ్ళ కథ నావంటివారికి మాత్రమే కలిగినది కాదు. 1873లో లండనునగరమున జాన్ ట్రడ్జెన్ అను నతడు, దక్షిణామెరికా మూలవాసులవద్ద తాను చూచిన పద్ధతిలో రెండు చేతులను నీటిపైనుండి ముందుకు విసరుచు ఈది అందరిని విస్మయపరచెను. కాళ్ళను మాత్రము పూర్వపుటాచారముననే ఆడించుచుండెను. కాళ్ళుకూడ మారి, పైకిని క్రిందికిని సన్నగా కొట్టు నేటి ప్రాకుడుఈత కుదురుటకు మరి ముప్పదియేండ్లు పట్టినది. ఒక దేశపు ఈతగాండ్రకే అంతకాలము పట్టగా నాకు నాలుగునెలలు పట్టుటలో వింత లేదు.

మరి కాలు ఎంత కొట్టవలెను? పొట్టిదూరపు పోటీగాండ్రు రెండు బారలకు ఆరుసార్లు కొట్టుదురు. ట్రయథ్లాన్‌వారికి రెండుసార్లు చాలును. అది ముందుకు త్రోయుటకు కాదు, తూకము నిలుపుటకు. పరుగెత్తువారి చీలమండలు బిగిసియుండుటచే వారి పాదము నీటిలో వెనుకకు వాలదు, పారవలె అడ్డుపడును. కంప్యూటరువారి భుజములు ముందుకు వంగి బిగిసిపోవును. కావున నేను రాత్రి పడుకొనుబోవుముందు పదినిమిషములు మోకాళ్ళపై కూర్చుండి పాదములను వెనుకకు చాచుటయు, గోడకు చేయి ఆనించి భుజమును సాగదీయుటయు చేయుచున్నాను. నేలపై కూర్చుండి భోజనము చేయు మీకు ఈ బెడద తక్కువ.

నాలుగవ నెల చివర మరల కొలిచితిమి. 400 మీటర్లకు 9 నిమిషముల 40 సెకండ్లు, 200 మీటర్లకు నాలుగున్నర నిమిషములు. నూటికి 2 నిమిషముల 35 సెకండ్లు తేలినది. దూరము పెంచలేదు, మునుపు ఈదినదానిలో సగమే ఈదితిని. భుజపు నొప్పి జాడ లేదు.

కొలను వేరు, సముద్రము వేరు. అచ్చట అడుగున గీతలుండవు, పాతికమీటర్లకు త్రోసికొనుటకు గోడ యుండదు. చలిదేశములలో ఈతగాండ్రు రబ్బరుచొక్కా తొడుగుదురు. అది వారి కాళ్ళను తేల్చి నావంటివాని తప్పును కప్పిపెట్టును. మన వెచ్చని సముద్రములలో నియమము దానిని సాధారణముగా ఒప్పుకొనదు. కనుక మన దేశమున తూకము నేర్వనివానికి దాగుటకు చోటులేదు. సాధన చేయుదమన్న మా పేటకు దగ్గరనున్న ఐ.డి.ఎల్. చెరువు వినాయక నిమజ్జనములకే గాని ఈతకు పనికిరాదు. పోటీకి రెండుదినములు ముందుగనే తీరము చేరి, ఇద్దరు తోడు రాగా ఉదయమున అలవాటు చేసికొంటిని.

పోటీనాడు గుంపున ముందుకు పోక ఓరగా నిలిచి, పదిమంది పోయిన పిదప దిగితిని. మొదటి రెండువందల మీటర్లు బుడగలు తప్ప మరేమియు తలపలేదు. గుండె జల్లుమనలేదని చెప్పినచో అసత్యమగును. జల్లుమనెను, సర్దుకొనెను. దారి చూపు పసుపుపచ్చని బుడ్డలు అలల నడుమ కనబడనపుడు పాత బావిఈత అక్కరకు వచ్చినది. పది పండ్రెండు బారల కొకసారి కన్నులవరకు తలయెత్తి, గురి చూచుకొని, వెంటనే దించివేయవలెను. ప్రక్కవారు దారితప్పి ఒడ్డువైపు పోవుచుండగా నాకు మా నూతి అలవాటుచే అది సులభమయ్యెను. ఒడ్డు చేరునప్పటికి 54 నిమిషములు. పట్టీ విప్పుకొనుటకు ఎవరును రాలేదు. సైకిలుమీద నలుగురికంటె వెనుకబడితిని, పరుగున సగము నడచితిని, ఎట్లో పూర్తిచేసితిని.

నాయనకు ఫోను చేసి చెప్పగా, ‘కాలు బయటికి పోయినదా?’ అని అడిగెను. పోలేదంటిని. ‘ఎడమప్రక్క పీల్చునపుడు?’ అనెను. ఎడమప్రక్క పీల్చుట నాకింకను రాలేదు. ఈ నెల ఆ పాఠము నడుచుచున్నది.